కోళ్ళ రైతుల హాల్లో మూడో గొంతు

మా సంఘం ఆరాధన చేసుకునే హాలుకి మంచి పేరు లేదు. పై హాలు పర్వాలేదు. కింది గదే... ఆ గది సంగతే చెబుతున్నాను.

అమెరికాలో మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి దక్షిణంగా నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే, మొక్కజొన్న చేలు అయిపోయి పైన్ చెట్లు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన ఒంటరిగా ఉంటుంది ఆ భవనం. చెక్క గోడలు, ఎత్తయిన కిటికీలు. గుమ్మం పైన రాతిపలక. దాని మీద మనకి తెలియని అక్షరాలు. రాత్రిపూట కారు లైట్లు ఆ పలక మీద పడితే ఎందుకో చూపు తిప్పేసుకుంటాం.

కట్టినవాళ్ళు యూదు కోళ్ళ రైతులు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా వాళ్ళ ఫారాలేనట. యూరప్‌లో చావు తప్పించుకుని వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో చాలామంది. పగలంతా గుడ్లు ఏరుకుని, సాయంత్రం స్నానం చేసి, ఆ హాల్లో వాళ్ళ యిడ్డిష్ భాషలో నాటకాలు వేసుకునేవాళ్ళు, పుస్తకాలు చదువుకునేవాళ్ళు, ఆ పుస్తకాల గురించి పోట్లాడుకునేవాళ్ళు. తర్వాత ఫారాలు మూతపడ్డాయి. పిల్లలు తలో ఊరూ వెళ్ళిపోయారు. భాష వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కింది గదిలో మిగిలింది గోడ పొడుగునా పుస్తకాలు, ఒక టేప్ రికార్డర్, అట్టపెట్టెలో నలభై ఒక్క క్యాసెట్లు.

ఆరేళ్ళ కిందట మా తెలుగు చర్చి ఆ హాలు అద్దెకి తీసుకుంది. కింద ఏదో ఉందని మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. ఒకావిడకి మెడ మీద చల్లగాలి తగిలిందట. కీబోర్డు వాయించే అబ్బాయికి మెట్ల దగ్గర ఎవరో దగ్గినట్టు వినబడిందట. అవన్నీ గాలి కబుర్లు. అసలు జరిగింది మాత్రం ప్రేమానందం అంకుల్‌కి.

ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ప్రేమానందం అంకుల్ మా సంఘ పెద్ద. తణుకు వైపు మనిషి. ఫార్మా కంపెనీలో క్వాలిటీ చూస్తాడు. అబద్ధం ఆడడు, కాస్త పెంచుతాడంతే.

అక్టోబరులో ఒక శనివారం. పాటల ప్రాక్టీసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. సగం దారిలో ఆయనకి గుర్తొచ్చింది — ఆదివారం ప్రభువు బల్లకి రొట్టె పంచే పళ్ళేలు కింది వంటగదిలోనే ఉండిపోయాయి, ఇంటికి తీసుకెళ్ళి తోమించి తేవాలి. వెనక్కి తిప్పాడు. హాలు చేరేసరికి పదింపావు. ముందు పార్కింగులో ఒక్క కారు లేదు.

తాళం తీశాడు. అలవాటుగా గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. లైట్ స్విచ్ చేతికి తగల్లేదు. ఫోన్ వెలుగులో మెట్లు దిగాడు. ఒకటి... రెండు... మూడో మెట్టు మీద ఆగిపోయాడు.

కింద ఎవరో మాట్లాడుతున్నారు.

ఆడమనిషి గొంతు. ముసలిది. ఇంగ్లీషు కాదు, స్పానిష్ కాదు. మూడే మూడు మాటలు, ఏదో అడుగుతున్నట్టు —

"వెర్ ఇజ్ దో?"

తర్వాత నిశ్శబ్దం.

ఈ చోటికి రాగానే ప్రేమానందం అంకుల్ గొంతు తగ్గించేవాడు. అది ఆగిపోయిన నిశ్శబ్దం కాదమ్మా, అనేవాడు. ఎదురుచూస్తున్న నిశ్శబ్దం. ఆ రెండింటికీ తేడా ఉంది, నీకూ తెలుస్తుంది ఎప్పుడో.

ఇంతలో ఇంకో గొంతు జవాబు చెప్పింది. అది పడుచుపిల్లది. ఆ పిల్ల మాట పూర్తవుతుండగా... దాని వెనకాలే, ఒక్క క్షణం ఆలస్యంగా, మూడో గొంతు. సన్నగా, గోడ అవతల నించి వచ్చినట్టు. అవే మాటలు.

మళ్ళీ ముసలావిడ. "నోఖ్ అ మోల్."

యేసు నామంలో, అని గద్దిద్దామనుకున్నాడట. నోరు తెరిచాడట. గాలి తప్ప ఏమీ రాలేదట. ఆ తర్వాత ఆయనకి తెలిసిందల్లా కారు రూట్ వన్ మీద ఉందని, కాళ్ళకి మేజోళ్ళు మాత్రమే ఉన్నాయని.

మర్నాడు బిర్యానీ లైన్లో ఈ కథ మొదలైంది. నేను ప్లేట్లు అందిస్తున్నాను. లైన్ చివరికి వచ్చేసరికి కథలో మెట్ల మీద రక్తం కూడా కనబడింది. ఆ బూట్లు మాత్రం గుమ్మం దగ్గర అలాగే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకుముందు ఆ పుస్తకాలంటే మావాళ్ళకి భక్తి. అవి హీబ్రూ అక్షరాలు కదా. హీబ్రూ అక్షరాల్లో ఏముంటుంది, దేవుని వాక్యమే ఉంటుంది. పాస్టర్ గారు వచ్చిన కొత్తలోనే ఊడిపోయిన ఒక పేజీని ఫ్రేమ్ కట్టించి ప్రసంగ వేదిక పక్కన పెట్టించారు. ఊరి నించి వచ్చిన అమ్మమ్మలు దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు. అలా ఆరేళ్ళు ఆ గది జోలికి ఎవరూ పోలేదు.

కానీ దెయ్యం అన్నాక భక్తి నిలుస్తుందా. రెండు వారాల్లో కమిటీ తేల్చేసింది. వాక్యం పైన ఫ్రేములో ఉంది, చాలు. కింద ఉన్నది వేరే ఏదో ఆత్మ. శుక్రవారం రాత్రంతా ప్రార్థన. శనివారం ఉదయం తొమ్మిదికి చెత్త ఎత్తుకెళ్ళే డంప్‌స్టర్ లారీ. పుస్తకాలూ టేపులూ మొత్తం అందులోకే.

అవి మావి కావు గనక పాత హాలు కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో బతికున్నది ఒక్కరే. బ్లూమా గారు. తొంభై రెండేళ్ళు. దగ్గర్లోని వృద్ధుల హోమ్‌లో ఉంటుంది. పాస్టర్ గారు కాగితం తీసుకెళితే, చదవకుండానే సంతకం పెట్టిందట.

ఇంతవరకూ అందరూ చెప్పుకునేది. ఇక్కడి నించి నా పాపం.

రెండో గొంతు నాది.

నా పేరు షెరిన్. ఇరవై నాలుగేళ్ళు. ప్లెయిన్స్‌బరోలో మా దెబోరా అక్క వాళ్ళింట్లో ఉంటాను. కాలేజీ మధ్యలో వదిలేశాను. వీడియోలు చూసి గిటార్ నేర్చుకున్నాను, పైథాన్ కోడింగ్ నేర్చుకున్నాను, కేకుల మీద పూలు వెయ్యడం నేర్చుకున్నాను. అన్నీ మూడో పాఠం దాకానే. ఎక్కడా కాలు నిలవదు నాకు. దీనికి ఒక పని ఒప్పజెప్పండి దేవుడా, అని అక్క నా ఎదురుగానే ప్రార్థన చేస్తుంది. పగలు గోడౌన్‌లో మందుల పెట్టెలు సర్దుతాను. శనివారం రాత్రి ఆ హాలు ఊడుస్తాను. వాక్యూమ్ వెనక తలుపు నించి తీసుకెళ్ళాలి కాబట్టి కారు వెనకే పెడతాను.

పోయిన జనవరిలో, బయట మంచు, ఇంటికెళ్ళబుద్ధి కాలేదు. ఆ టేప్ రికార్డర్ ప్లగ్ పెట్టి నొక్కాను.

ఒకావిడ ఏదో అంది. ఆగింది.

తర్వాత ఏం చెబుతుందో అని ఎదురుచూశాను. ఆవిడా ఎదురుచూసింది. టేపు తిరుగుతోంది... బుసబుసమని. నాకు సిగ్గేసింది, నిజంగా. ఎవరో అడిగితే జవాబివ్వకుండా నిలబడ్డట్టు. అర్థం తెలియకుండానే ఆవిడ అన్న మాట తిరిగి అన్నాను.

"నోఖ్ అ మోల్," అందావిడ. మళ్ళీ అన్నాను.

అవి పాఠాలు. టీచర్ ఒక మాట చెప్పి, పిల్లలు తిరిగి చెప్పడానికి ఖాళీ వదిలేది. 'నోఖ్ అ మోల్' అంటే ఇంకోసారి, అని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. నా జన్మలో నన్నెవరూ అంతసేపు ఆగి వినలేదు.

ఒక్కో శనివారం ఒక్కో క్యాసెట్. అక్షరాలు ఇంటర్నెట్‌లో నేర్చుకున్నాను, కుడి నించి ఎడమకి. రాత్రిళ్ళు ఫ్రీ క్లాసు ఒకటి దొరికింది. తెర మీద మూడొందల మొహాలు. కొరియా నించి ఒక నర్సు, బ్రెజిల్ నించి ఒక తాతగారూ మనవరాలూ. ఇంత జనం దీనికోసం రాత్రి నిద్ర మానుకుంటున్నారా అని నోరెళ్ళబెట్టాను. బ్రూక్లిన్‌లో నల్లకోట్లు వేసుకునే సనాతన యూదు కుటుంబాల్లో పిల్లలు ఇవాళ్టికీ ఈ భాషలోనే బొమ్మల కోసం కొట్టుకుంటారట. నేను చచ్చిపోయిందనుకున్న భాష ఎక్కడెక్కడో లేచి తిరుగుతోంది. మా కింది గదిలోనే అది అట్టపెట్టెలో పడి ఉంది.

ఆరు నెలలు గడిచాక, పై హాల్లో ఫ్రేములో ఉన్న పేజీ చదవడం వచ్చింది. గుడ్లు మానేసిన పెట్టల్ని మందలో నించి ఎలా ఏరెయ్యాలో అందులో ఉంది. ముందు నెత్తి మీది తురాయి రంగు చూడమని, తర్వాత పొత్తికడుపు తడిమి చూడమని.

ఎవరికీ చెప్పలేదు. వాక్యం అనుకున్నన్నాళ్ళూ ఆ గది భద్రంగా ఉంటుందని. అది నా మొదటి పాపం.

రెండోది ఇంకా పెద్దది. ఏప్రిల్‌లో బ్లూమా గారిని వెతుక్కుంటూ వెళ్ళాను.

క్యాసెట్లలో టీచర్ పేరు పెస్యా. బ్లూమా గారి అక్క. అమ్మానాన్నలు యుద్ధంలో పోతే, అక్క చెల్లెల్ని చెయ్యి పట్టుకుని అమెరికా తీసుకొచ్చి, బాబాయి కోళ్ళఫారంలో పెంచింది. ఇదంతా హోమ్‌లో రిసెప్షన్ ఆవిడ చెప్పింది. ఎంత సంతోషపడుతుందో ఈవిడ, అనుకుంటూ గదిలోకి వెళ్ళి, నేర్చుకున్న యిడ్డిష్‌లో నమస్కారం పెట్టి నా పేరు చెప్పాను.

ఆవిడ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టింది. మొహం తెల్లబడింది.

నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను ఇంకెవరి దగ్గరా నోరు తిప్పడం నేర్చుకోలేదు కదా. క్లాసులో మైకు ఆపుకుని వినేదాన్నే. పెస్యా టీచర్ ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీశాను. కష్టమైన మాటకి ముందు ఆవిడ చిన్నగా దగ్గేది. నేనూ దగ్గేదాన్ని. అది కూడా పాఠంలో భాగమనుకున్నాను.

"మా అక్క గొంతు వేసుకుని నా గదిలోకి రాకు," అంది బ్లూమా గారు, ఇంగ్లీషులో.

లేచి వచ్చెయ్యబోతుంటే ఆవిడే చెప్పింది, గోడ వైపు తిరిగి. కొడుకు పుట్టాక అమెరికా పిల్లాడిలా పెరగాలని యిడ్డిష్ మానేసిందట. అక్క ఆ భాషలో అడిగేది, తను ఇంగ్లీషులో జవాబిచ్చేది. ముప్పై ఏళ్ళు అలాగే. అక్క ఒక్కసారి కూడా ఇంగ్లీషులోకి దిగలేదు, తను ఒక్కసారి కూడా మెట్టు దిగలేదు. క్లాసుకి పిల్లలు రావడం మానేశాక అక్క ఇంట్లోనే కూర్చుని టేపులు మొదలెట్టింది. ఎవరికోసం ఆ ఖాళీలు, ఎవడొస్తాడని, అని తను నవ్విందట. దాని భాష దానితో పోనీ, అంది చివరికి.

మా అక్క తన కూతుర్ని తెలుగులో పిలుస్తుంది. అది ఇంగ్లీషులో పలుకుతుంది. నేను ఆ రోజు ఇంటికెళ్ళి భోజనం చెయ్యలేకపోయాను.

అందుకే, ఆవిడ చదవకుండా సంతకం పెట్టిందని వినగానే నాకు తెలిసింది — ఆ సంతకం నా వల్లే. దెయ్యం నా వల్లే. లారీ నా వల్లే.

పాత యిడ్డిష్ పుస్తకాలు సేకరించే కుర్రాళ్ళకి మెయిల్ పెట్టాను. వ్యాన్ వేసుకుని వస్తాం, తడవకుండా చూడండి అన్నారు. కానీ వాళ్ళకి కుదిరేది లారీ వచ్చే శనివారానికి ఎనిమిది రోజుల తర్వాత.

నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. తాళం చెయ్యి లాక్కుంటారు, అక్క పరువు పోతుంది, ఇన్నాళ్ళుగా ఫ్రేము సంగతి దాచినందుకు ఎవరూ మొహం చూడరు. అలా శుక్రవారం దాకా వచ్చింది.

శుక్రవారం రాత్రి నలభై మంది. పాటలు, ప్రార్థనలు, మళ్ళీ పాటలు. మెట్ల తలుపుకి అడ్డంగా కుర్చీలు వేశారు. పదకొండు దాటాక పాస్టర్ గారు సాక్ష్యాలకి పిలిచారు. మా దాంట్లో సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం, లేదా చేసిన తప్పు ఒప్పుకోవడం. మైకు ఎవరు తీసుకుంటే వాళ్ళు చెప్పేదాకా ఎవరూ ఆపకూడదు.

మైకు తీసుకున్నాను. మొత్తం చెప్పేశాను. టేపులు, పాఠాలు, వెనక తలుపు, రెండో గొంతు. ఫ్రేములో పెట్టల సంగతి కూడా.

దెబోరా అక్క తల వంచుకుంది. పాస్టర్ గారు ఫ్రేము వైపు చూసి, నేల చూశారు. ఒక అమ్మమ్మ తన వేళ్ళకేసి చూసుకుంది.

"పొత్తికడుపు తడిమి చూడమన్నాడా?" అన్నాడు ప్రేమానందం అంకుల్.

అవునన్నాను.

"కరెక్టే రాశాడండి. మా తణుకులో కూడా అంతే."

ఎవరో పకపకా నవ్వారు. గది వదులైంది. నేను కింది నించి టేప్ రికార్డర్ పైకి తెచ్చి, ఆ శనివారం పెట్టిన క్యాసెట్టే పెట్టాను. నలభై ఒకటోది, ఆఖరిది. ఆ రాత్రి అంకుల్ పారిపోయిన చప్పుడు విన్నాక నేను దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఇది ఒట్టి పాఠమని అందరికీ చూపిస్తే చాలు అనుకున్నాను. 'ఎవరున్నారిక్కడ?' అని ఆవిడ అడుగుతుంది, 'నేనున్నాను' అని మనం చెప్పాలి, అంతే అని వివరించాను.

"వెర్ ఇజ్ దో?"

"ఇఖ్ బిన్ దో," అన్నాను.

"నోఖ్ అ మోల్."

ఆపేశాను. అందరూ నవ్వుతున్నారు, అంకుల్ భుజాలు తట్టి. ఆయన నవ్వలేదు.

"అమ్మా షెరిన్. టేపులో ఆవిడ ఒకటి. నువ్వు రెండు. నేను విన్నది మూడు."

నా గొంతే గోడకి తగిలి వచ్చి ఉంటుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నువ్వు మాట్లాడకుండా పెట్టు ఈసారి, అన్నాడు మెల్లగా.

వెనక్కి తిప్పాను. నొక్కాను. పెదవులు బిగించుకున్నాను. ఇన్ని నెలల్లో ఆ ఖాళీని ఖాళీగా వదలడం నాకదే మొదటిసారి.

"వెర్ ఇజ్ దో?"

ఒకటి... రెండు... టేపు బుసబుస...

"ఇఖ్ బిన్ దో."

సన్నగా. దూరంగా. పక్కగదిలో గిన్నెలు కడుగుతూ ఎవరో తమలో తాము అనుకున్నట్టు. ఆడగొంతు. నాది కాదు. పెస్యా టీచర్‌దీ కాదు.

నలభై మందీ టేప్ రికార్డర్ దగ్గరికి జరిగారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వినబడింది. మూడోసారి కూడా.

నేను ప్రతిసారీ నోరు తెరిచి దాన్ని కప్పేశాను. అందుకే వినలేదు. మెట్ల మీద నిలబడ్డ మనిషికి వినబడింది.

నాకు వెంటనే తోచింది — బ్లూమా గారే. వంటింట్లో నిలబడి, అక్కకి వినబడకుండా, మొండితనం కాస్త జారి, జవాబు చెప్పేసింది. టేపు పట్టేసింది. అదే మాట పాస్టర్ గారితో అన్నాను. ఇది ఆవిడ గొంతు, దీన్ని పారెయ్యకండి.

కాగితం మీద ఆవిడ సంతకం ఉంది, అన్నారు పాస్టర్ గారు. తొమ్మిదికి లారీ వస్తుంది. ఆవిడ నోటితో వద్దంటే ఆపుతాను. నువ్వంటే కాదు.

తెల్లవారి ఏడున్నరకి నన్ను హోమ్‌కి తీసుకెళ్ళింది ప్రేమానందం అంకులే. టేప్ రికార్డర్ నా ఒళ్ళో ఉంది.

బ్లూమా గారు టిఫిన్ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను యిడ్డిష్‌లో ఒక్క మాట కూడా అనలేదు. ఇంగ్లీషులోనే చెప్పాను. లారీ గంటన్నరలో వస్తుంది, ఒక్కసారి వినండి, తర్వాత మీ ఇష్టం. అంకుల్ నా వెనకాల టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఆస్పత్రిలో నిలబడ్డట్టు.

నొక్కాను.

అక్క గొంతు వినగానే ఆవిడ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. అక్క పోయాక ఇదే మొదటిసారి వినడం, తర్వాత తెలిసింది. ఖాళీ వచ్చింది. మూడో గొంతు వచ్చింది.

ఆపి, మీరే కదా, అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. కళ్ళలో కోపం లేదు. అంతకంటే ఇబ్బందిగా ఉంది చూడటానికి.

"నేను కాదు."

మీ గొంతులాగే ఉందన్నాను. అక్క ఆ టేపులు చేసిన ఏడాది తను ఫ్లోరిడాలో కొడుకు దగ్గర ఉన్నానంది. అక్క ఆ ఇంట్లో ఒక్కతే. కుక్క కూడా లేదు.

"నేనెప్పుడూ జవాబు చెప్పలేదు, పిల్లా. అదే కదా..." అని ఆగిపోయింది.



మళ్ళీ పెట్టమంది. పెట్టాను.

"వెర్ ఇజ్ దో?"

బ్లూమా గారి పెదవులు కదిలాయి. ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది — తుప్పుపట్టిన కీలు తిరిగినట్టు, అరవై ఏళ్ళ అడుగు నించి.

"ఇఖ్ బిన్ దో." ఇంకోసారి, గట్టిగా. "ఇఖ్ బిన్ దో, పెస్యా."

దాని కింద ఇంకో గొంతు ఉందో లేదో అప్పుడు నేను గమనించలేదు. ఆవిడనే చూస్తున్నాను.

ఫోన్ అడిగింది. పాస్టర్ గారితో ఇంగ్లీషులో రెండే ముక్కలు మాట్లాడింది. ఆ గది ముట్టుకోవద్దు. ఆ కాగితం చింపెయ్యండి. ఫోన్ నాకిచ్చేసి, కుర్చీ చూపించి, "జెట్స్ జిఖ్," అంది. కూర్చోమని. కూర్చున్నాను. నా మొదటి వాక్యానికే ఆపి, ఆ దగ్గు అనవసరం, అక్కకి ఉబ్బసం ఉండేది, అంది.

లారీ ఖాళీగా వెనక్కి వెళ్ళింది. తర్వాతి ఆదివారం కుర్రాళ్ళిద్దరు వ్యాన్‌లో వచ్చి, పుస్తకాల్ని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్ళారు. టేపులన్నిటికీ కాపీలు తీశారు. ఫ్రేము మాత్రం పాస్టర్ గారు ఇవ్వలేదు. ఉండనీ, అన్నారు. హాలు తాళం చెయ్యి ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇవన్నీ సరే. నేను ఇంత రాత్రివేళ కూర్చుని రాస్తున్నది వీటికోసం కాదు. ఆ శనివారమే, హోమ్ పార్కింగులో కారెక్కాక జరిగినదానికోసం.

అంకుల్ స్టార్ట్ చేసి, గేరు వెయ్యకుండా కూర్చున్నాడు. ఇంకొక్కసారి వినిపించమ్మా, అన్నాడు. బ్యాటరీ ఉంది. వెనక్కి తిప్పి నొక్కాను.

"వెర్ ఇజ్ దో?"

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

ఏమీ లేదు.

సరిగ్గా తిప్పలేదేమో అనుకుని మళ్ళీ తిప్పాను. ఆయన హీటరు ఆపేశాడు. చెవులు రిక్కించుకుని ఇద్దరం ఆ చిన్న స్పీకరు మీదికి వంగాం. అదే ప్రశ్న. అదే ఖాళీ. టేపు బుసబుస తప్ప ఒక్క ఊపిరి కూడా లేదు. రికార్డు బటన్ నేను ముట్టుకోలేదు. ఆ మీట ఎప్పుడో విరిగిపోయింది కూడా.

రాత్రి నలభై మందిమి విన్నాం. పొద్దున ముగ్గురం విన్నాం. చెప్పాల్సిన మనిషి చెప్పేదాకా ఎవరో ఆవిడ స్థానంలో నిలబడి, పని అయిపోగానే లేచి వెళ్ళిపోయినట్టు... ఆ చోటు శుభ్రంగా ఖాళీ అయిపోయింది.

మూడోసారి పెట్టాను. పెస్యా టీచర్ అడిగింది. నేను అంకుల్ వైపు చూశాను.

ప్రేమానందం అంకుల్ ఇంజన్ ఆపాడు. ఆ నిశ్శబ్దం వైపు కాస్త వంగి, ఇంట్లో పెద్దవాళ్ళు పిలిస్తే పలికినట్టు, చాలా మెల్లగా అన్నాడు.

"ఉన్నామమ్మా."